నేల లోపలి బరువు: కోలారు, చిగురుగుంట బంగారు గనుల చరిత్ర

చిత్తూరు జిల్లా పశ్చిమపు కొసన కుప్పం ప్రాంతం ఒక మూలగా చొచ్చుకొని ఉన్నది. దానికి ఒకవైపు కర్ణాటక, మరొకవైపు తమిళనాడు. ఇక్కడ మూడు రాష్ట్రాల సరిహద్దులు కలుస్తున్నవి గాని, నేల లోపలి రాతికి ఆ సరిహద్దులు లేవు. కర్ణాటకలోని కోలారు జిల్లా నుంచి దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున, మూడు నుంచి ఆరు కిలోమీటర్ల వెడల్పున నల్లని రాతిపట్టీ ఒకటి సాగుతుంది. భూవిజ్ఞానులు దీనిని కోలారు షిస్టు పట్టీ అంటారు. దీని వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరాలు. ఈ పట్టీ దక్షిణ భాగం చిత్తూరు జిల్లా గుడుపల్లె మండలంలోని మల్లప్పకొండ, బిసానత్తం, చిగురుగుంట ప్రాంతాల మీదుగా పోతుంది. ఈ నల్లరాతిలో తెల్లని స్ఫటిక శిల సిరలుగా దూరి ఉన్నది. ఆ సిరలలో బంగారం ఉన్నది.

ఆ బంగారం కొరకు మానవుడు కోలారులో మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగినాడు. ప్రపంచంలో ఎన్నో ఏళ్లపాటు అంతకన్న లోతైన గనులు మరి కొన్ని మాత్రమే ఉండేవి. అంత లోతుకు పోవడానికి దారి తవ్వితే చాలదు. పైనున్న రాతి బరువును ఏమి చేయాలి అనే ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి. కోలారు గనుల సాంకేతిక చరిత్ర అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినది.

గనుల ఆరంభం

1802లో మైసూరు రాజ్యపు సరిహద్దులను సర్వే చేస్తున్న లెఫ్టినెంట్ జాన్ వారెన్ అనే అధికారి ఊరిగాం, మారికుప్పం గ్రామాల దగ్గర ప్రజలు మట్టిని కడిగి బంగారపు రజను తీయడం చూచినాడు. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే అక్కడివారు గుంతలు తవ్వి బంగారం తీసిన ఆనవాళ్లు ఉన్నవి. 1870 తరువాత లావెల్ అనే ఐరిష్ సైనికుడు మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకానికి అనుమతి సంపాదించినాడు. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగంలోకి వచ్చినది. పాతకాలపు గుంతలు ఎక్కడ ఆగినవో అక్కడినుంచి ఇంకా కిందికి పోగా, చాంపియన్ రీఫ్ అనే గొప్ప సిర దొరికినది.

1902లో కావేరి మీది శివసముద్రం నుంచి దాదాపు 150 కిలోమీటర్ల తీగల ద్వారా ఈ గనులకు విద్యుత్తు అందినది. విద్యుత్తు రావడంతో పెద్ద చక్రాల ఎత్తుడు యంత్రాలు, పంపులు, గాలిని ఒత్తే యంత్రాలు పనిచేయసాగినవి. గనులు వేగంగా లోతుకు పోయినవి.

ఈ గనులలోకి దిగిన కూలీలలో ఎక్కువమంది నాటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చిన తమిళ, తెలుగు పేద కుటుంబాలవారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకాలు ఆ ఉత్తర ఆర్కాటులోనివే. కుప్పం నుంచి గనుల పట్టణానికి ముప్పై కిలోమీటర్ల ప్రాంతమే. కరవుసీమ పల్లెలకు ఆ గనులు జీవనాధారమైనవి. కాబట్టి రాతి బరువు అనే ప్రశ్న ఇంజనీర్లకు లెక్క అయితే, ఈ పల్లెలవారికి ప్రాణంతో ముడిపడిన సంగతి.

తవ్విన చోటి బరువు ఎక్కడికి పోతుంది?

ఈ ప్రశ్నను తరగతి గదిలో చిన్న లెక్కతో అర్థం చేసుకోవచ్చు. కోలారు నల్లరాతి సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 2.9 గ్రాములు. నేలమట్టం నుంచి 100 మీటర్ల లోతున ఒక చదరపు సెంటీమీటరు మీద నిలిచిన రాతిస్తంభం బరువు 29 కిలోలు. 3,000 మీటర్ల లోతున అదే స్తంభం బరువు 870 కిలోలు. అనగా ఒక చదరపు మీటరు మీద 8,700 టన్నులు.

రాయి పగుళ్లు లేకుండా, కదలకుండా ఉన్నంతకాలం ఈ బరువు వలన ప్రమాదం లేదు. ప్రతి పొర కింది పొర మీద ఆనుకొని ఉంటుంది. కాని మధ్యలో సొరంగం తవ్వినామనుకొందాం. అక్కడి రాయి తీసివేయబడినది గాని, అది మోస్తున్న బరువు తీసివేయబడలేదు. ఆ బరువు సొరంగానికి ఇరువైపులా ఉన్న రాతి మీదికి మళ్లుతుంది. ఏరులో ఒక పెద్ద గుండు అడ్డం వస్తే నీరు దానికి రెండు ప్రక్కలా ఇరుకై, వడిగా పారినట్లు, బరువు కూడా సొరంగం అంచులలో ఇరుకై పోతుంది.

ఎంత ఇరుకవుతుంది? 1898లో కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు ఒక పలకలో గుండ్రని రంధ్రం చేస్తే దాని అంచున ప్రతిబలం ఎంత పెరుగుతుందో గణితం ద్వారా చూపినాడు. ఒకే దిశలో ఒత్తిడి ఉన్నపుడు రంధ్రం ప్రక్కలలో అది మూడు రెట్లు అవుతుంది. నిజమైన గనిలో అడ్డపు ఒత్తిడి కూడా ఉంటుంది కాబట్టి లెక్క ఇంత సరళంగా ఉండదు. అయినా అంచనాకు ఇది చాలు. 870ని మూడింట హెచ్చిస్తే 2,610. మంచి గట్టి రాయి నలిగిపోవడానికి కావలసిన ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2,000 నుంచి 3,000 కిలోల వరకు ఉంటుంది. అంటే మూడు కిలోమీటర్ల లోతున తవ్విన ప్రతి సొరంగపు గోడా పగిలే అంచున నిలిచి ఉన్నదన్నమాట.

గనిలో పేలిన రాయి

కిర్ష్ తన లెక్క వేసిన 1898వ సంవత్సరంలోనే ఊరిగాం గనిలో మొదటిసారిగా రాయి తనంత తానే పేలిన సంఘటన నమోదైనది. యాదృచ్ఛికంగా ఒకే సంవత్సరంలో సిద్ధాంతం ఐరోపాలో పుట్టినది, దాని నిదర్శనం కోలారులో కనిపించినది. అప్పటికి గనులు, తరువాతి లోతులతో పోలిస్తే, పైపైన ఉన్నట్లే లెక్క.

గనిలో నిశ్శబ్దంగా ఉన్న గోడ ఒక్కసారిగా తుపాకి పేలినట్లు పగిలి, రాతిముక్కలు ఎగిరివచ్చేవి. గాలి తాకిడికి దీపాలు ఆరిపోయేవి. పనివారు, అధికారులు దీనిని మొదట ‘ఎయిర్ బ్లాస్టు’ అన్నారు. రాతిలో చిక్కుకొన్న గాలి బయటికి తన్నుకొని వస్తున్నదని తలచడం సహజమే. కాని కారణం గాలి కాదు, రాతిలో నిలవ ఉన్న శక్తి. వంచిన వెదురుబద్ద విరిగినపుడు దానిలోని శక్తి ఒక్కసారి ఎట్లా విడుదలవుతుందో, నొక్కుడుపడిన గట్టిరాయి విరిగినపుడు కూడా అట్లాగే విడుదలవుతుంది. దీనినే నేడు శిలావిస్ఫోటం అంటున్నాము.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. మెత్తని రాయి నొక్కుడుకు మెల్లమెల్లగా లొంగుతుంది. అది ముందుగా ఉబ్బుతుంది, రాలుతుంది, హెచ్చరిస్తుంది. గట్టి రాయి చివరి క్షణం దాకా లొంగదు. కాబట్టి బలమైన రాయే ఎక్కువ ప్రమాదకరమైనది. కోలారు నల్లరాయి, దానిలోని స్ఫటిక శిల రెండూ ఇట్టి గట్టి రాళ్లే. పైగా రాతిపట్టీని అడ్డంగా కోసుకొనిపోయే భ్రంశాలు, శిలాసేతువులు ఉన్నవి. అట్టి చోట్లకు తవ్వకం చేరువైనపుడు విస్ఫోటాలు ఎక్కువయ్యేవి. రెండు వైపులా తవ్వగా మధ్య మిగిలిపోయిన రాతిదిమ్మెలు మరీ ప్రమాదకరమైనవి. చుట్టూ తీసిన రాతి బరువంతా ఆ దిమ్మె ఒక్కటే మోయవలసి వచ్చేది.

చాంపియన్ రీఫ్ గనిలో 1950, 1960 దశకాలలో వచ్చిన పెద్ద విస్ఫోటాలు ఒక గదికో ఒక సొరంగానికో పరిమితం కాలేదు. ఒకటి మరొకదానిని రేపుతూ గనిలోని విశాలమైన భాగాలను పాడుచేసినవి. పైన పట్టణంలోని ఇండ్లు కదిలేవి, గోడలు బీటలు వారేవి. భర్తలు, కొడుకులు లోపల ఉన్న కుటుంబాలకు ఆ కదలిక అర్థం వేరే చెప్పనక్కరలేదు.

కలప, గ్రానైటు, కాంక్రీటు

తొలిరోజులలో తవ్విన ఖాళీలను కలప దూలాలతో నిలబెట్టేవారు. లోతు పెరిగినకొద్దీ కలప సరిపోలేదు. బరువు పడగానే అది అణగిపోతుంది. అణగినంత మేర గోడలు దగ్గరికి వస్తవి, అంతకంత రాయి కదులుతుంది. పైగా కలపకు నిప్పు భయం ఉన్నది.

కోలారు చుట్టుప్రక్కల గ్రానైటుకు కొదవ లేదు. గ్రానైటును దిమ్మెలుగా చెక్కి, గనిలోకి దించి, తవ్విన ఖాళీలలో గోడలుగా పేర్చే పద్ధతి వచ్చినది. భూమిలోపల రెండు కిలోమీటర్ల లోతున, చెమటలు కారే వేడిలో, ఇటువంటి రాతిగోడలు కట్టుకొంటూ పనివారు ముందుకు పోయినారు. తరువాత ఖాళీని కాంక్రీటుతో నింపే పద్ధతి వచ్చినది. కాంక్రీటు తక్కువ అణగుతుంది, గోడకు సందు లేకుండా అతుక్కొంటుంది. గోడలు ఎంత తక్కువ కదిలితే అంత తక్కువ శక్తి విడుదలవుతుందన్నది దీని సూత్రం.

ఆధారం ఒక్కటే చాలలేదు. తవ్వే వరుస కూడా మార్చవలసి వచ్చినది. మధ్యలో దిమ్మెలు మిగలకుండా తవ్వడం, భ్రంశం వైపుకు పోకుండా దానినుంచి దూరంగా తవ్వుకొనిపోవడం మొదలైన నియమాలు అనుభవం మీద ఏర్పడినవి. ఈ నియమాలలో ఒక్కొక్కటి ఏదో ఒక ప్రమాదం తరువాత నేర్చుకొన్నదే. విస్ఫోటాలను పరిశీలించిన ప్రత్యేక సంఘం 1955లో నివేదిక ఇచ్చినది. మరుసటి సంవత్సరం, 1956లో, మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసినది. 1962లో అవి కేంద్రప్రభుత్వానికి వచ్చినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడినది.

రాతి చప్పుడు వినడం

రాయి పేలడానికి ముందు పూర్తిగా మౌనంగా ఉండదు. లోపల సన్నని పగుళ్లు పుడుతూ చిన్న చిన్న చప్పుళ్లు చేస్తుంది. అనుభవంగల పనివాడు చెవితో కొన్ని వినగలడు. చెవికి అందని వాటికి యంత్రాలు కావాలి.

1910 తరువాతి దశాబ్దంలోనే కోలారులో భూకంపలేఖిని నెలకొల్పారు. విస్ఫోటం ఎప్పుడు జరిగినది, ఎంత పెద్దది అన్నది ఆ ఒక్క యంత్రం చెప్పగలిగేది. ఎక్కడ జరిగినది అన్నది స్పష్టంగా చెప్పలేకపోయేది. 1970 దశకంలో భాభా అణు పరిశోధనా కేంద్రం శాస్త్రజ్ఞులు గని సిబ్బందితో కలిసి చాంపియన్ రీఫ్ ప్రాంతంలో జియోఫోన్ల వల అమర్చారు. జియోఫోన్ అనగా నేల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే సాధనం. ఒకే చప్పుడు ఒక్కొక్క జియోఫోనును ఒక్కొక్క క్షణాన చేరుతుంది. ఆ కాలభేదాలను, రాతిలో తరంగవేగాన్ని తీసుకొని లెక్కిస్తే చప్పుడు పుట్టిన స్థలం తెలుస్తుంది. ఉరుము ఆలస్యాన్ని బట్టి మెరుపు దూరం లెక్కించడం విద్యార్థులకు తెలిసినదే, ఇది అటువంటిదే.

ఎక్కడ చప్పుళ్లు గుమిగూడుతున్నవో తెలిస్తే అక్కడినుంచి మనుషులను తప్పించవచ్చు. ఈ అనుభవం ఆధారంగానే 1988లో జాతీయ శిలాయాంత్రిక శాస్త్ర సంస్థ కోలారు గనుల పట్టణంలో ప్రారంభమైనది. అక్కడ పెరిగిన విజ్ఞానం తరువాత ఆనకట్టల సొరంగాలకు, జలవిద్యుత్ కేంద్రాల భూగర్భ మందిరాలకు, ఇతర గనులకు ఉపయోగపడుతున్నది.

కప్పును కూల్చే పద్ధతి

ఇంతవరకు చెప్పినదంతా కప్పును నిలిపే ప్రయత్నం. దీనికి సరిగా వ్యతిరేకమైన పద్ధతి మరొకటి ఉన్నది. నిలపడానికి ఇంత కష్టపడే బదులు కప్పును కావాలనే కూలనివ్వవచ్చు కదా?

తెలుగునాట సింగరేణి బొగ్గుగనులలో ఈ ఆలోచన ఆచరణలో ఉన్నది. లాంగ్‌వాల్ పద్ధతిలో బొగ్గుపొరను పొడవుగా కోసుకొనిపోతూ, పనివారి తలలమీద ఉక్కు కవచాలను ముందుకు జరుపుతారు. కవచాల వెనుక ఖాళీ అయిన చోట కప్పు కూలిపోతుంది. ఈ పద్ధతి సింగరేణిలో 1983లో ప్రవేశించినది.

లోహపు గనులలో ఇంతకన్న పెద్ద ఎత్తున కూల్చుతారు. ఖనిజం పెద్ద కొండవలె గుట్టగా ఉన్నచోట, దాని అడుగున విశాలమైన పొరను పేల్చి తీసివేస్తారు. ఆధారం పోయిన ఖనిజం తన బరువుకు తానే పగిలి రాలుతుంది. రాలిన దానిని కింద తవ్విన గరాటులవంటి దారులగుండా లాగుకొంటారు. లాగినకొద్దీ పైన ఇంకా కూలుతుంది. పేల్చవలసింది అడుగున మాత్రమే. మిగతా పని భూమ్యాకర్షణే చేస్తుంది. చిలీ దేశంలోని ఎల్ తెనియెంతే రాగిగని ఇట్టి గనులలో ప్రసిద్ధమైనది.

రాయి ఎట్లా కూలుతుందో చూడడానికి తిరుపతివారు దూరం పోనక్కరలేదు. తిరుమల కొండ మీది క్వార్ట్‌జైటు రాయి పొరలు పొరలుగా, నిలువు పగుళ్లతో దిమ్మెలుగా విడివడి ఉంటుంది. వర్షాలకు ఆ సందులలో నీరు దిగితే దిమ్మెలు జారుతవి. 2021 డిసెంబరులో రెండవ ఘాట్ రోడ్డు మీద పెద్ద బండలు పడి రోడ్డును ధ్వంసం చేసినవి. కూలుడు గనికి కావలసింది ఇట్టి పగుళ్లే. రోడ్డుకు శత్రువైనది గనికి మిత్రమవుతుంది.

అయితే కూల్చడం తేలికని తలచరాదు. కప్పు కూలడం మధ్యలో ఆగిపోతే, కింద లాగుతున్నకొద్దీ రాలినదానికీ కప్పుకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. అప్పుడు కప్పు ఒక్కసారిగా పడితే ఆ ఖాళీలోని గాలి పిచికారీలో నీటివలె సొరంగాలలోకి తోసుకొనివస్తుంది. 1999 నవంబరులో ఆస్ట్రేలియాలోని నార్త్‌పార్క్స్ గనిలో ఇట్లా జరిగి నలుగురు మరణించారు. కోలారువారు పొరపాటున శిలావిస్ఫోటానికి పెట్టిన ‘ఎయిర్ బ్లాస్టు’ అనే పేరు ఈ ప్రమాదానికి సరిగా సరిపోతుంది. మరొక సంగతి: కూల్చినా బరువు మాయం కాదు. కూలిన ప్రాంతం మోయలేని బరువు ప్రక్కనున్న గట్టి రాతి మీద, సొరంగాల మీద పడుతుంది. ఎల్ తెనియెంతేలో లోపలి గట్టి ఖనిజాన్ని తవ్వసాగిన తరువాత అక్కడ కూడా శిలావిస్ఫోటాలు బాధించినవి. ఎన్నో పరికరాలు, ఎంతో అనుభవం ఉండి కూడా 2025 జూలై 31న ఆ గనిలో 4.2 పరిమాణపు కంపనం వచ్చి, సొరంగాలు కూలి ఆరుగురు మరణించారు.

కోలారులో కూల్చలేదెందుకు?

దీనికి కూడా చిన్న లెక్క చాలు. అడుగున తీసిన పొర వైశాల్యాన్ని దాని చుట్టుకొలతతో భాగిస్తే వచ్చే సంఖ్యను బట్టి కప్పు తనంత తాను కూలుతుందో లేదో ఇంజనీర్లు అంచనా వేస్తారు. సాధారణంగా ఈ సంఖ్య 20 మీటర్ల ప్రాంతంలోనో, గట్టి రాళ్లలో అంతకన్న ఎక్కువగానో ఉండాలి. పొడవు, వెడల్పు 100 మీటర్ల చొప్పున ఉన్న చతురస్రానికి వైశాల్యం 10,000, చుట్టుకొలత 400, భాగిస్తే 25. అది కూలవచ్చు. చాంపియన్ రీఫ్ దాదాపు నిలువుగా దిగే పలుచని సిర. చాలాచోట్ల దాని మందం ఒకటి రెండు మీటర్లే. వెడల్పు 1.5 మీటర్లు, పొడవు 100 మీటర్లు అనుకొంటే వైశాల్యం 150, చుట్టుకొలత 203, భాగిస్తే 0.74. పొడవు వెయ్యి మీటర్లు చేసినా అది 0.75 మాత్రమే. ఎంత పొడవు తవ్వినా ఆ సిర తనంత తాను కూలదు. ఒకవేళ ప్రక్కరాతిని కూడా కూల్చితే, కొద్దిపాటి బంగారపు శిలలో కొండంత వట్టిరాయి కలిసిపోతుంది.

కాబట్టి కోలారు ఇంజనీర్లకు ఎంచుకొనే అవకాశం లేదు. ప్రకృతి ఆ సిరను పలుచగా, నిలువుగా, గట్టి రాతి మధ్య పెట్టినది. దానిని అంగుళం అంగుళంగా తీసి, ఖాళీని అంగుళం అంగుళంగా నింపుకొంటూ పోవలసిందే. నూట ఇరవై సంవత్సరాలలో ఈ విధంగా సుమారు 800 టన్నుల బంగారం తీసినారు. లోతు పెరిగినకొద్దీ రాతి వేడిమి 60 డిగ్రీల చుట్టుప్రక్కలకు చేరినది. గాలిని చల్లార్చడానికి, నీటిని తోడడానికి, ఖాళీలను నింపడానికి అయ్యే ఖర్చు పెరిగినది. రాతిలో బంగారపు పాలు తగ్గినది. 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడినవి. చిత్తూరు జిల్లాలో అదే సంస్థ నడిపిన చిగురుగుంట గని కూడా ఆ సంవత్సరమే ఆగిపోయినది.

మూసిన గని, తెరవబోయే గని

పంపులు ఆగగానే కోలారు గనులలోకి నీరు చేరసాగినది. తవ్వకం ఆగినా రాయి మాత్రం ఆగలేదు. నీరు పగుళ్లలోకి దిగినకొద్దీ మూసిన గనుల ప్రాంతంలో చిన్న కంపనాలు వస్తూనే ఉన్నవని పరికరాలు చూపినవి. తవ్వినవారు వెళ్లిపోయిన తరువాత కూడా ఖాళీల చుట్టూ బరువు సర్దుకొంటూనే ఉన్నది.

చిగురుగుంట, బిసానత్తం బంగారు క్షేత్రాన్ని తరువాతి కాలంలో వేలం వేయగా ఎన్‌ఎండీసీ సంస్థ ఎంపికైనది. ఇక్కడి తవ్వకాలు కోలారంత లోతువి కావు. కాని రాయి అదే పట్టీలోనిది, సిరలు అదే జాతివి. నేల లోపలికి దిగే ప్రతి మీటరుకు చదరపు మీటరు మీద సుమారు 2.9 టన్నుల బరువు పెరుగుతుందన్న లెక్క గుడుపల్లె మండలానికీ వర్తిస్తుంది.

కప్పును నిలిపినా, కూల్చినా రాతి బరువును ఎవ్వరూ తగ్గించలేరు. దానిని ఎటు మళ్లించాలో నిర్ణయించడమే ఇంజనీరు చేయగలిగినది. ఆ నిర్ణయానికి కావలసిన కొలతలు ముందుగా తీసుకొంటే అది విజ్ఞానం. ప్రమాదం తరువాత తీసుకొంటే, ఆ కొలతల ధరను గనిలోకి దిగినవారు చెల్లిస్తారు. కోలారు మొదటి అరవై డెబ్బై ఏళ్లు ఎక్కువగా రెండవ దారిలోనే నేర్చుకొన్నది. చిగురుగుంటలో మళ్లీ తవ్వేవారికి మొదటి దారి తెరిచి ఉన్నది.